డొరిండాను రాసిందెవరు

వెస్ట్ హార్లీ, మసాచుసెట్స్
1797 అక్టోబరు 9

తమ్ముడు ఎలిఫలెట్‌కి,

ఈ ఉత్తరంతో పాటు ఎండు ఆపిల్ ముక్కల పీపా ఒకటి వస్తుంది. దాన్ని మీ టోపీల దుకాణంలో అందరి ముందూ తెరవకు. పైన రెండు గుప్పిళ్ళే ఆపిల్ ముక్కలు. కింద ఉన్నదంతా కాగితాలు. నవల రా అది. నేనే రాశాను. నిలబడి చదువుతుంటే కాస్త కూర్చో.

పొయ్యిలో రొట్టె కాలేలోపు రోజుకు ఒక పేజీ చొప్పున రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళలో ఎన్ని రొట్టెలు మాడాయో అడగకు. మా పాస్టరు స్టిక్నీ గారు పోయిన నెలే ప్రసంగంలో చెప్పారు, నవల చదివే ఆడపిల్ల సగం చెడినట్టే అని. రాసే ఆడది ఎంత చెడినట్టో ఆయన చెప్పలేదు. అలాంటిది ఒకతి ఉంటుందని ఆయనకు తట్టి ఉండదు.

కథ చెప్పేస్తాను, నువ్వు ఎలాగూ చివరి పేజీ ముందు చదివే రకం. డొరిండా అనే పిల్ల తండ్రి మాట వినకుండా ఎర్ర వెయిస్ట్‌కోటు వేసుకున్న ఒక సోకులరాయుడి వెంట వెళ్ళిపోతుంది. వాడు ఆమెను ఒక సత్రంలో వదిలేసి మాయమవుతాడు. ఆమె రెండు రోజులు ఏడుస్తుంది. మూడో రోజు మొహం కడుక్కుని, బోస్టన్ వెళ్ళి టోపీల దుకాణం పెడుతుంది. (నువ్వు రాసిన టోపీల సంగతులన్నీ వాడుకున్నాను, ఏమనుకోకు.) ఏళ్ళ తర్వాత వాడే టోపీ కొనడానికి వస్తాడు. ఆమె వాడికి తలకంటే రెండు సైజులు చిన్నది అమ్మి పంపిస్తుంది.

దీన్ని అచ్చు వేయించు. నా కోరిక ఒక్కటే, పుస్తకం మీద నా పేరు ఉండాలి. చిన్నప్పుడు నేను ట్రాస్క్ గారి పెద్దమ్మాయిని. పెళ్ళయ్యాక కెప్టెన్ స్టారెట్ గారి భార్యను. ఆయన ఓడతో పాటు ఆయనా మునిగాక స్టారెట్ గారి విధవను. ముప్పై తొమ్మిదేళ్ళకి ఇది ఒక్కటే నేను సొంతంగా చేసింది. దాని మీదైనా మెహిటబుల్ అని కనిపించాలి. చర్చి వాళ్ళు ఏమనుకుంటే అది అనుకోనీ, నేను పడతాను.

గొంతుకు గుడ్డ చుట్టుకో. బోస్టన్ గాలి మంచిది కాదు.

నిన్ను ఎత్తుకుని పెంచిన
అక్క

* * *

బోస్టన్
1797 నవంబరు 21

ప్రియమైన అక్కకి,

నీ పీపా అందింది. అడుగున ఆపిల్ ముక్కలు కూడా కొన్ని దొరికాయి, సిరా వాసన వేస్తున్నాయి, అయినా తినేశాను.

నవలను అచ్చాఫీసు యజమాని ట్విచెల్ గారి దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆయన నిలబడే సగం చదివారు. అచ్చు వేస్తానన్నారు. అక్కా, నాకు ఎంత గర్వంగా ఉందో. ఆయన అడిగినవి మూడు చిన్న మార్పులు మాత్రమే.

మొదటిది పేరు. "ఆడవాళ్ళ నవలల మీద పేరు వెయ్యం, ఊళ్ళో ఎవరూ వెయ్యరు," అన్నారు. "ఒక స్త్రీ రాసినది అని వేస్తే, గవర్నరు గారి భార్యేమోనని జనం కొంటారు. పేరు వేస్తే ఎవరో పల్లెటూరి విధవ అని తెలిసిపోతుంది. తర్వాత ఎవడు కొంటాడు చెప్పు?" నేను గట్టిగా వాదించాను. అంటే, నోరు తెరిచాను. ఈలోగా ఆయన రెండో మార్పుకి వెళ్ళిపోయారు.

రెండోది, ఇదంతా నిజంగా జరిగిందని ముందుమాటలో ఒట్టు పెట్టాలట. కల్పించిన కథ అంటే అబద్ధం, అబద్ధం చదివితే పాపం, కాబట్టి మన జనం ముట్టుకోరు. నిజం అంటే ఏడ్చుకుంటూ కొనుక్కుంటారు. ఆ ముందుమాట నేనే రాశాను. "ఈ దారుణం వె— హా— అనే ఊళ్ళో జరిగింది, నేను కళ్ళారా చూశాను" అని. వేరే ఊరి పేరు అప్పటికప్పుడు తట్టలేదు, మనదే వేశాను. గీతలు పెట్టాను కదా, ఎవరికీ తెలియదు.

మూడోది మరీ చిన్నది. చివర్లో డొరిండా చనిపోతుంది.

ట్విచెల్ గారే రాసుకున్నారు. పదకొండు పేజీలు. మంచు కురుస్తుంది. చదివి నేనే ఏడ్చాను.

కోప్పడవు కదూ,
నీ విధేయుడు
ఎలిఫలెట్

* * *

వెస్ట్ హార్లీ
1798 జనవరి 30

ఎలిఫలెట్,

నా పిల్లను చంపడానికి మీరిద్దరూ ఎవరు రా? రెండేళ్ళు పెంచాను దాన్ని. నీకు పంపింది అచ్చు వేయించమని, కాటికి మోసుకెళ్ళమని కాదు. ఈ మాట రాయడానికి రెండు నెలలు ఆగాను. ఆగకపోతే ఇంకా ఘోరంగా రాసేదాన్ని.

సరే, ఇక్కడ జరుగుతున్న బాగోతం విను. బండి మీద దువ్వెనలూ దారాలూ అమ్మేవాడు నీ పుస్తకాలు నాలుగు తెచ్చాడు. ఒకటి పాస్టరు గారి చేతికి చిక్కింది. బుధవారం మేమంతా జెరూషా బేకన్ వాళ్ళింట్లో బొంత కుడుతుంటే ఆయన దాన్ని రెండు వేళ్ళతో చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు పట్టుకొచ్చారు.

"ఈ విషం ఎలా ఉంటుందో మీకు తెలియాలి," అన్నారు. "ఒక పేజీ చదివి వినిపిస్తాను."

ఒక పేజీ అన్న మనిషి చీకటి పడేదాకా చదివారు. పై బుధవారం ఎవరూ అడక్కుండానే వచ్చి, "విషం ఇంకా మిగిలి ఉంది," అన్నారు. మొత్తం మూడు బుధవారాలు. చివరి మంచు దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్ళద్దాలు నాలుగుసార్లు తుడుచుకున్నారు. ఆడవాళ్ళ ఏడుపుకి బొంతంతా తడిసింది. నేను ఒక్కదాన్నే ఏడవలేదు. జెరూషా నావైపు చూసి, "నీది రాతి గుండె మెహిటబుల్," అంది. అది ఇప్పుడు డొరిండాకి సంతాపంగా టోపీకి నల్ల రిబ్బను కట్టుకుని తిరుగుతోంది. సొంత మొగుడు పోతే మూడు వారాలకే తీసేసింది.

నీ గీతలు ఎవర్నీ ఆపలేదు. "వె— హా— అంటే మనమే," అని ఒక్క రోజులో తేల్చేశారు. ఇక ఆ పిల్ల ఎవరు, సమాధి ఎక్కడ అని మంచులో వెతుకులాట. సమాధి దొరకలేదు. ఎర్ర వెయిస్ట్‌కోటు మాత్రం దొరికింది.

మన ఊళ్ళో ఎర్ర వెయిస్ట్‌కోటు వేసుకునేది చర్చి పెద్ద, డీకన్ అమాసా పెటిబోన్ గారు ఒక్కరే. అరవై ఒక్కేళ్ళు, పెళ్ళి కాలేదు, ఛాతీలో చలికి ఎర్ర ఉన్ని వేసుకుంటారు. నువ్వు చిన్నప్పుడు ఆయన్ని చూస్తే నిద్ర వస్తోందనేవాడివి. ఇప్పుడు ఆడవాళ్ళంతా ఆయన పక్కనుంచి వెళ్ళాల్సి వస్తే కూతుళ్ళ చెయ్యి పట్టుకుంటున్నారు. "ఆ కళ్ళల్లో ఏదో ఉంది, గమనించావా?" అని జెరూషా నాతో గుసగుసలాడింది. ఆ కళ్ళల్లో ఉన్నది శుక్లాలు.

డొరిండాని బతికించమని ట్విచెల్‌తో చెప్పు. నా పేరు సంగతి కూడా చెప్పు. ఈసారి నోరు తెరవడంతో ఆగకు.

కోపంతోనే
అక్క

* * *

బోస్టన్
1798 ఫిబ్రవరి 26

ప్రియమైన అక్కకి,

శుభవార్త. రెండో ముద్రణ వేస్తున్నారు. ఈసారి పుస్తకం మీద పేరు ఉంటుంది.

ఎలా జరిగిందో వరసగా చెబుతాను, మధ్యలో తిట్టుకోకు. కాగితాలు అచ్చాఫీసుకు మోసింది నేనే కాబట్టి రాసింది కూడా నేనే అని అక్కడి పనివాళ్ళు అనుకున్నారు. "ఒక స్త్రీ అని ఊరికే వేశారు, అసలు టోపీల కొట్టు ట్రాస్కే," అని పాకింది. దుకాణానికి వచ్చేవాళ్ళు టోపీలు మానేసి నన్ను చూడడం మొదలుపెట్టారు. మేడమ్ విగిన్ గారు, పెద్ద ఇల్లు, అయిదుగురు నౌకర్లు, నన్ను టీకి పిలిచి, "ఒక మగవాడికి ఆడదాని మనసు ఇంత బాగా ఎలా తెలిసింది మిస్టర్ ట్రాస్క్?" అన్నారు.

నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు. కళ్ళు కిందికి దించుకున్నాను. అక్కా, కళ్ళు దించుకోవడం అబద్ధం చెప్పడం కాదు కదా?

తర్వాత వారానికి మూడు టీలు. ఒకచోట మంచు ఘట్టం నాచేత చదివించారు. నేను కూడా ఒక ఎర్ర వెయిస్ట్‌కోటు కుట్టించుకున్నాను, రచయితకి అలాంటిది ఉండాలట. నిన్న ట్విచెల్ గారు, "ఇంకా దాపరికం ఎందుకయ్యా? ఎలిఫలెట్ ట్రాస్క్ అని వేసేద్దాం," అన్నారు.

పేరు వేయించమని నువ్వే కదా పట్టుబట్టావు. ట్రాస్క్ అంటే మన నాన్న ఇంటిపేరు, పెళ్ళికి ముందు నీది కూడా. ఒకరకంగా ఇది నీ పేరు వేసినట్టే. డొరిండాని బతికించడం మాత్రం కుదరదు. ఆమె చావు బాగా పేరు తెచ్చింది. నాకు కాదు, పుస్తకానికి.

గుడ్డ చుట్టుకుంటున్నాను.

ప్రేమతో
ఎలిఫలెట్ ట్రాస్క్
(ఇక్కడ అందరూ ఇలా పూర్తిగా సంతకం పెట్టమంటున్నారు, అలవాటైంది)

* * *

వెస్ట్ హార్లీ
1798 మార్చి 17

ఎలిఫలెట్ ట్రాస్క్ గారికి,

మీ పేరు పూర్తిగా రాశాను, తృప్తేనా? నీకు అక్షరాలు దిద్దించింది ఎవర్రా? 'ఎలుక' రాయమంటే తోక గీసి ఊరుకున్నవాడివి. మేడమ్ విగిన్ గారికి ఆ సంగతి తెలుసా?

చాలా ఏడ్చాను. నీకు చెప్పకూడదనుకున్నాను కానీ చెబుతున్నాను. ఎవరో పరాయివాడు లాక్కుంటే ఇంత నొప్పి ఉండేది కాదు. నువ్వు నవ్వుతూ లాక్కున్నావు, పైగా శుభవార్త అని రాశావు.

ఇక్కడి సంగతి ఇంకా ముదిరింది. పెటిబోన్ గారిని చర్చి విచారణకి పిలిచారు. డొరిండాను మోసం చేసినందుకు. లేని పిల్లను మోసం చేసినందుకు, వింటున్నావా? పద్ధతి నీకు తెలుసు. తప్పు ఒప్పుకున్నవాళ్ళు కాగితం మీద రాసివ్వాలి, ఆదివారం మందిరం మధ్యలో నిలబడాలి, పాస్టరు గారు దాన్ని పైకి చదవాలి, కింద పేరుతో సహా. తర్వాత సంఘమంతా చేతులెత్తి క్షమించాలో వెలివేయాలో తేలుస్తుంది.

ఆయన ఒప్పుకోరని ధీమాగా ఉన్నాను. విచారణలో పాస్టరు గారు, "డీకన్ గారూ, ఆ అమ్మాయి మీకు తెలుసా?" అంటే ఈయన పైకప్పు వంక చూసి, పెద్దగా నిట్టూర్చి, "ఏప్రిల్ రెండో ఆదివారం రాసిస్తాను," అన్నారు. ఆడవాళ్ళ వైపు బెంచీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి.

నేను వాళ్ళింటికి పరుగెత్తాను.

"అమాసా గారూ, మీకు మతి ఉందా? ఆ డొరిండా ఎవరో కూడా మీకు తెలియదు."

"గుర్తు లేకపోవడం వేరు, తెలియకపోవడం వేరు అమ్మా."

"మీరు ఈ ఊరు దాటి ఎప్పుడు వెళ్ళారు?"

"కుర్రతనంలో ఒకసారి వూస్టర్ పట్నం దాకా వెళ్ళాను. అక్కడ ఏం జరిగిందో ఎవరికి తెలుసు?" అని, పొయ్యిలో ఇంకో కట్టె వేశారు. "చూడమ్మా మెహిటబుల్. అరవై ఒక్కేళ్ళు నేను ఏ గదిలోకి వచ్చినా ఎవరూ తల తిప్పలేదు. ఈ రెండు నెలలూ తిప్పుతున్నారు. జెరూషా బేకన్ నిన్న నన్ను చూసి వణికింది. నాకోసం ఒక ఆడమనిషి వణకడం అదే మొదలు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కానీ వెలివేస్తే ఆయన డీకన్ పని పోతుంది, రొట్టె పంచే ప్రభువు బల్ల దగ్గర స్థానం పోతుంది, ఈ ఊళ్ళో ఆయనకున్నది ఆ రెండే. దేవుడి ముందు అబద్ధం చెబుతున్నానన్న ఇంగితం కూడా ఆ ముసలాయనకి లేదు.

ఈ పుస్తకం వల్ల నువ్వు రచయితవయ్యావు, పెటిబోన్ గారు సోకులరాయుడయ్యారు. నేను మాత్రం రాతి గుండె మెహిటబుల్‌నే.

ఏప్రిల్ ఎనిమిది లోపల కోచ్ బండి ఎక్కి రా. వచ్చి, ఆ ముందుమాట నువ్వు కల్పించావని, పుస్తకం ఎవరు రాశారో అదీ, సంఘం ముందు చెప్పు. ఇది ఒక్కటి చెయ్యి, మిగతాదంతా క్షమిస్తాను.

అక్క

* * *

బోస్టన్
1798 మార్చి 29

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చర్చి విచారణా? పుస్తకం రాసిన మనిషికా? నన్ను మందిరం మధ్యలో నిలబెడతారా? పదేళ్ళప్పుడు ప్రసంగం మధ్యలో తుమ్మినందుకు స్టిక్నీ గారు నన్ను చూసిన చూపు నాకింకా గుర్తుంది. నేను రాలేను. ఎనిమిదిన మేడమ్ విగిన్ గారింట్లో భోజనం కూడా ఉంది.

కానీ నిన్ను అలా వదిలేస్తానా? వేరే కాగితం మీద రాసి, సంతకం పెట్టి, లక్క ముద్ర వేసి పంపుతున్నాను: "డొరిండా నవలలో ముందుమాట తప్ప ఒక్క ముక్క కూడా నేను రాయలేదు. అది పూర్తిగా మా అక్క మెహిటబుల్ స్టారెట్ రాసింది. ఆ ముందుమాట కూడా పచ్చి అబద్ధం. నాకు ఏ పాపం తెలియదు." దీన్ని అక్కడ చదివించు.

ఒక్క మాట. దీన్ని వెస్ట్ హార్లీలో మాత్రమే చూపించు. బోస్టన్ దాకా రానీయకు.

భయంతో
ఎలిఫలెట్

* * *

వెస్ట్ హార్లీ
1798 ఏప్రిల్ 14

తమ్ముడూ,

నీ కాగితం శనివారం పొద్దు వాలుతుంటే అందింది. చదివి మొదట పడీ పడీ నవ్వాను. బోస్టన్‌లో రాసినవాడివి, వెస్ట్ హార్లీలో రాయనివాడివి. తర్వాత కూర్చుని నా ఒప్పుకోలు నేను రాసుకుని, రెండు కాగితాలూ పాస్టరు గారి ఇంట్లో ఇచ్చి వచ్చాను. "పొద్దున మందిరంలోనే విప్పండి," అన్నాను.

ఆదివారం పెటిబోన్ గారు ఎర్ర వెయిస్ట్‌కోటు ఉతికించి వేసుకొచ్చారు. ఆయన లేచేలోపు నేను లేచాను. వెళ్ళి నడవలో నిలబడ్డాను. పాస్టరు గారు కాగితం విప్పారు. పైనుంచి కిందిదాకా ముందు కళ్ళతో చదువుకుని ఉంటే ఆపేసేవారేమో. ఆయన అలవాటు నీకు తెలుసుగా, నేరుగా గొంతెత్తుతారు.

"డీకన్ పెటిబోన్ గారు ఏ పిల్లనూ మోసం చేయలేదు. ఆయనకి ఆ సరుకు లేదు. డొరిండా అనే పిల్ల ఎప్పుడూ లేదు. ఆమెను నేను కల్పించాను. ఇదంతా నిజమని ఒట్టు పెట్టింది మా తమ్ముడు, ఆ పాపం వాడిది. ఆమెను మంచులో చంపింది అచ్చాఫీసు యజమాని, ఆ పాపం ఆయనది. నేను రాసినంత వరకు ఆమె చావలేదు. మూడో రోజు మొహం కడుక్కుని బోస్టన్ వెళ్ళి, టోపీల దుకాణం పెట్టింది..."

అక్కడ ఆయన ఆగిపోయారు. కాగితం దించి, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, వేదిక మీదున్నానన్న సంగతే మరిచిపోయి నన్ను అడిగారు.

"బతికే ఉందా?"

"ఉందండీ," అన్నాను.

"దుకాణం నడుస్తోందా?"

"బాగా నడుస్తోందండీ."

ఆయన ముక్కు చీది, మిగతాది చదివారు. చిన్న సైజు టోపీ దగ్గర ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ మందిరం కట్టాక ఆదివారం పూట వినిపించిన మొదటి నవ్వు అదేననుకుంటాను. జెరూషా తన నల్ల రిబ్బను అక్కడికక్కడే పీకేసింది. చివర్లో పద్ధతి ప్రకారం సంతకం చదివారు. "ఈ పుస్తకం రాసింది నేను. మెహిటబుల్ స్టారెట్." అంత గట్టిగా నా పేరు ఎవరూ ఎప్పుడూ పలకలేదురా. పెళ్ళిలో కూడా ఇంత గట్టిగా పలకలేదు. దూలాలకి తగిలి తిరిగి వినిపించింది. శిక్ష పడే మనిషిని, సంతోషంతో నిలబడలేకపోయాను.

చేతులెత్తారు. నన్ను ఆరు నెలలు ప్రభువు బల్ల దగ్గరికి రాకూడదన్నారు. పెటిబోన్ గారికి మచ్చ లేదని తేల్చారు. ఆయన నాతో మాట్లాడడం లేదు. ఆయన నడిచి వెళుతుంటే ఎవరూ కూతుళ్ళ చెయ్యి పట్టుకోవడం లేదు.

నీకు చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. ఇంత మంచి ఒప్పుకోలు ఈ చుట్టుపక్కల ఎవరూ చేయించలేదని పాస్టరు గారి సంబరం. నవలలు రాసే ఆడవాళ్ళకి బుద్ధి రావాలని దాన్ని బోస్టన్‌లో అచ్చు వేయమని పంపారు. ఆయనకి తెలిసిన అచ్చాఫీసు ఒక్కటే, పుస్తకం మీద పేరుంటుందిగా, ట్విచెల్‌ది. నీ కాగితం కూడా జత చేశారు. నేను వద్దనలేదు. అవునూ అనలేదు. కళ్ళు కిందికి దించుకున్నాను.

అక్క

* * *

బోస్టన్
1798 మే 11

అక్కా,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

పాస్టరు గారి కట్ట అందిన రోజు ట్విచెల్ గారు కడుపు పట్టుకుని నవ్వారు. తర్వాత రెండో ముద్రణ పని ఆపించేశారు. "ఇంతకంటే మంచి ముందుమాట నేను డబ్బిచ్చినా ఎవడూ రాయలేడు," అన్నారు. ఆ ఊపులో నా కాగితాన్ని అందరికీ చదివి వినిపించారు. సాయంత్రానికి మేడమ్ విగిన్ గారి ఇంటిదాకా వెళ్ళింది.

ఆవిడ పదిహేను మంది ముందు నన్ను అడిగారు, "మీరు రాయలేదా మిస్టర్ ట్రాస్క్?" అని. ఈసారి కళ్ళు దించుకోవడానికి వీల్లేకపోయింది. లేచి నిలబడ్డాను, మన మందిరంలో నిలబడ్డట్టే. "లేదండీ. మా అక్క రాసింది. నాకు అక్షరాలు నేర్పింది కూడా ఆమే. నేను ఆమెకి పెద్ద అన్యాయం చేశాను," అన్నాను. ఎవరూ చేతులెత్తలేదు, క్షమించలేదు. తెల్లవారి నుంచి టీలు లేవు. సిగ్గుగా ఉంది అక్కా. కానీ చాలా రోజుల తర్వాత కడుపు నిండా తిండి సయించింది.

మరుసటి రోజు అచ్చాఫీసుకి వెళ్ళి మొదటి పేజీ నేనే పేరుస్తానన్నాను. సీసపు అక్షరాలు తలకిందులుగా పేర్చాలి. మూడుసార్లు తప్పు పెట్టాను, పనివాళ్ళు నవ్వారు, నాలుగోసారి కుదిరింది. ట్విచెల్ గారు మంచు పేజీలు తీసేసి నీ చివరి భాగం మళ్ళీ పెట్టారు. "ఆ పిల్ల బతికే ఉందని విని పాస్టరే ముక్కు చీదిన చోటు అది, ఇక తియ్యడానికి లేదు," అన్నారు.

పుస్తకం దీంతో పంపుతున్నాను. నాకు జవాబు రాయకపోయినా ఫరవాలేదు.

నీ తమ్ముడు

* * *

వెస్ట్ హార్లీ
1798 జూన్ 2

ఒరేయ్ ఎలిఫలెట్,

రాయకుండా ఎలా ఉంటానురా పిచ్చివాడా.

నీ పుస్తకం అందినప్పుడు బీన్స్ ఒలుస్తున్నాను. చేతులు తుడుచుకుని మొదటి పేజీ తెరిచాను. మెహిటబుల్ స్టారెట్ అని ఉంది. ఫలానావారి విధవ అని లేదు. ఫలానావారి అమ్మాయి అని లేదు. పేరు తర్వాత ఒక చుక్క, అంతే. వేలితో తడిమి చూశాను, అక్షరాలు కాగితంలో లోతుగా దిగి ఉన్నాయి. రెండో అక్షరం కొంచెం పక్కకి ఒరిగింది. నువ్వు పేర్చావని దాన్ని బట్టే తెలిసింది. కుర్చీలో కూర్చుని బీన్స్ గిన్నెలోకి కన్నీళ్ళు కార్చాను.

పాస్టరు గారు నా పుస్తకంతో పాటు వచ్చిన తన ప్రతి తీసుకోవడానికి వచ్చారు. బుద్ధి చెప్పడానికి వచ్చాననుకున్నారు కాబోలు, గుమ్మంలో నిలబడి చాలాసేపు ఏదో చెప్పారు. వెళ్ళబోతూ, గేటు దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే అడిగారు.

"మీరు ఇంకొకటి రాస్తే అది పాపమే. కానీ ఒకవేళ రాస్తే, అందులో ఆ అమ్మాయి ఉంటుందా?"

"ఉంటుందండీ," అన్నాను.

"అయితే ఆరు నెలలు కాస్త ఎక్కువే అవుతుంది," అంటూ వెళ్ళిపోయారు. శిక్షకు ఎక్కువన్నారో, పుస్తకం కోసం ఆగే గడువుకు ఎక్కువన్నారో నాకు అర్థం కాలేదు. రొట్టె పొయ్యిలో పెట్టి మొదటి పేజీ మొదలుపెట్టాను.

మెహిటబుల్ స్టారెట్